నడిచేవాణ్ణి చూపించని బొమ్మ

మొన్న టీవీ పనిలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చారు. "కేబుల్లో నేరుగా వచ్చే బొమ్మ మంచిదా, తర్వాత యాప్‌లో తీరిగ్గా చూసుకునే హెచ్‌డీ బొమ్మ మంచిదా సార్? మీ అనుభవంలో ఏది?" అని అడిగారు. నేనేదో లెక్కలూ పట్టికలూ చెబుతానని ఫోన్లు తీసి రాసుకోడానికి సిద్ధమయ్యారు పాపం. నేను వాళ్ళకి ఒక మనిషి తప్పిపోయిన సంగతి చెప్పాను. ఎవరూ ఒక్క ముక్క రాసుకోలేదు. ఈ పనిలోకి రాబోయే మిగతావాళ్ళ కోసం అదే ఇక్కడ రాస్తున్నాను.

నేను కోరాపుట్‌లో ఒక కేబుల్ సంస్థ కంట్రోల్ రూములో పనిచేసి రిటైరయ్యాను. మా తాత విజయనగరం వైపు నుంచి ఇక్కడి జమీందారీ ఎస్టేటులో గుమాస్తాగా వచ్చాడు. ఎస్టేట్లు పోయాక మా వాళ్ళు కొందరు ఆఫీసుల్లో పడ్డారు, కొందరు రైల్వేలో పడ్డారు, నేను వైర్లలో పడ్డాను. నన్ను వైర్లలో పడేసినాయన్ని మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. రాయగడలో స్తంభాలెక్కి మొదటి కేబుల్ లైను లాగినవాళ్ళలో ఆయనొకడు. పెళ్ళీ సంసారమూ అక్కడే మొదలుపెట్టి, తర్వాత కోరాపుట్ వచ్చి మా కంట్రోల్ రూము కట్టించాడు.

పెద్దాయనకో పద్ధతి ఉండేది. ఏ పండగైనా, ఏ ఉత్సవమైనా మా లోకల్ ఛానెల్లో లైవ్ మొదలయ్యేదాకా కుర్చీలోంచి కదిలేవాడు కాదు. బొమ్మ బయటికి పోవడం మొదలవగానే లేచి నించునేవాడు. "నువ్వు కూకో. నానెల్లి సూసొస్తాను" అని గొడుగు తీసుకుని బయల్దేరేవాడు. తల పైకెత్తి కేబుల్ వంకే చూసుకుంటూ, స్తంభం తర్వాత స్తంభం పట్టుకుని, లైను ఎక్కడ అయిపోతుందో అక్కడిదాకా నడిచేవాడు. ఆ కొసన ఎవరింట్లో టీవీ ఉంటే వాళ్ళ గుమ్మంలో నిలబడి మన బొమ్మ చూసి వచ్చేవాడు.

"బొమ్మ మన కాడ బాగుంటే ఏటి లాభం? ఆకరోడింటికి ఎలగెల్లిందో అది సూడాల" అనేవాడు.

తిరిగొచ్చాక నేను ఆయన మొహం వంక చూసేవాణ్ణి. బొమ్మ బాగా లేకపోతే ఊరంతా వినపడేలా తిట్టేవాడు. బాగుంటే "నడుస్తాది" అనేవాడు, అంతే. బాగుందన్న మాట ఆ నోటి నుంచి ఒక్కసారైనా వినాలని నాకెంత ఆశగా ఉండేదో చెప్పలేను. ఆయన రిటైరైన రోజున మేమంతా చందాలేసుకుని కొట్పాడ్ నేత శాలువా కప్పాం. చెట్ల వేరు రంగుతో ముదురు ఎరుపు, అంచు మీద తెల్లగా చేపలూ పీతలూ. దాన్ని తడిమి చూసుకుని "నడుస్తాది" అన్నాడు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను గానీ లోపల ఎక్కడో గుచ్చుకుంది.

తర్వాత కాలం మారింది. మా సంస్థ భువనేశ్వర్లో ఒక యాప్ తయారు చేయించింది. లైవ్ తప్పిపోయినవాళ్ళు ఓ గంట పోయాక దాన్ని యాప్‌లో చూసుకోవచ్చు. ఆ పని చూడటానికి ఒక కుర్ర మేనేజరు వచ్చాడు. మంచివాడే, కాకపోతే తెర మూలన హెచ్‌డీ అని రెండక్షరాలు వెలిగితే ఇక ఆ బొమ్మకి తిరుగు లేదని నమ్మేవాడు. మా కంట్రోల్ రూములో గోడంత టీవీ పెట్టించి, వచ్చినవాళ్ళందరికీ యాప్ బొమ్మ చూపించేవాడు.

అప్పటికి పెద్దాయనకి మతిమరుపు మొదలైంది. దామంజోడి టౌన్‌షిప్ బళ్ళో టీచరుగా ఉన్న కూతురు దగ్గరికి చేరాడు. ఒకసారి ఆ పిల్ల ఆయన్ని మా దగ్గరికి తీసుకొచ్చింది. నన్ను ముందు పోల్చుకోలేదు, కాసేపటికి పోల్చుకున్నాడు. గోడ మీద యాప్‌లో వీక్లీ మార్కెట్ దృశ్యం ఆడుతోంది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది నిలబడ్డోణ్ణి బాగా సూపిత్తాది. నడిసేవోణ్ణి సూపించదు" అన్నాడు.

నేను హిందీలో చెబితే మేనేజరు నవ్వాడు. పెద్దవాళ్ళ మాట అన్నట్టు నేనూ నవ్వి ఊరుకున్నాను.

ఆ మరుసటి రథయాత్ర రోజు సంగతే ఇది. పొద్దుట్నుంచీ చినుకులు. రథం వీధిలో ఒక లాడ్జి డాబా మీద మా కెమెరా పెట్టాం. అక్కడ్నుంచి చూస్తే ఇటు రథమూ, జనమూ, ఆ చివర బస్సులు ఆగే చోటు కూడా కొంచెం కనపడుతుంది. కెమెరా నుంచి వచ్చిన బొమ్మ మా రికార్డరు గుండా పోయి కేబుల్లోకి వెళ్తుంది. రికార్డరు దాన్ని ఉన్నదున్నట్టు దాచుకుంటుంది. దాచుకుంటూనే దాన్ని గంటకో ముక్కగా కోసి, బాగా కుదించి తనే యాప్‌లోకి పంపుతుంది. పాత యంత్రం కాబట్టి రాసుకునేటప్పుడు వెనక్కి తిప్పి చూడ్డానికి ఒప్పుకోదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు, మిగతా కథకి యంత్రాలతో పెద్దగా పని లేదు.

మధ్యాహ్నం దాటాక తలుపు తోసుకుని పెద్దాయన కూతురు వచ్చింది. ఒళ్ళంతా తడిసిపోయింది, ఒక కాలికే చెప్పుంది.

"బాబాయ్, నాన్న కనపడ్డం లేదు."

"ఏటమ్మీ, ఎక్కడ?"

"రథం దగ్గిరే. తాడు లాగుతుంటే జనం ఒక్కసారి మీద పడిపోయేరు. సెయ్యి జారిపోయింది. మీరంతా కప్పిన ఎర్ర శాలువాయే కప్పుకున్నాడు. మైకులో సెప్పించేను, వీధులన్నీ తిరిగేను. పొద్దున్న షుగర్ మాత్ర వేసేను బాబాయ్, అన్నం తినలేదు. దర్శనం అయ్యేక తింటానన్నాడు."

ఆ చివరి మాటకి కుర్చీలోంచి లేచాను. మాత్ర పడి తిండి పడకపోతే షుగరు దిగిపోతుంది. మామూలు మనిషైతే ఎవరినైనా అడిగి ఇంత తింటాడు. పెద్దాయనకి తన పేరే ఒక్కోసారి గుర్తుండదు. ఈ వానలో ఏ అరుగు మీదో ఒరిగిపోతే తాగి పడిపోయాడనుకుని జనం దాటుకుపోతారు.

మేం టీవీవాళ్ళం కదా, మనిషిని వీధిలో వెతకడం మానేసి తెరలో వెతకడం మొదలుపెట్టాం. మేనేజరు చురుగ్గా కదిలాడు. గంట కిందటి ముక్క అప్పటికే యాప్‌లో ఎక్కింది. గోడ టీవీలో పెట్టి, ఆ పిల్ల చెయ్యి జారిందన్న చోటి నుంచి మెల్లగా తిప్పాడు. కాసేపటికి ఒకచోట ఆపి, వేలు పెట్టి చూపించాడు.

"ఇదిగో! శాలువా!"

తెర చివర బస్సొకటి ఆగి ఉంది. బస్సు నెత్తిన రాయగడ అన్న అక్షరాలు అచ్చు గుద్దినట్టు కనపడుతున్నాయి. మెట్టు మీద కాలు పెడుతున్న మనిషి ఒంటి మీద ఎర్రటి గుడ్డ.

ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "రాయగడ... నాన్నే బాబాయ్. వారం బట్టీ అదే గోల. రాయగడ ఎల్లాలి, లైను లాగాలి, అమ్మ ఎదురు సూస్తాది అంటన్నాడు. అమ్మ పోయి ఇన్నేళ్ళయ్యింది."

ఇంక ఎవరికీ అనుమానం రాలేదు. నేను రాయగడ ఆఫీసుకి ఫోన్ చేశాను. అక్కడి ఇన్‌ఛార్జి మా ఈడువాడే, బస్టాండులో నిలబడతానన్నాడు. "కాని ఆ బస్సొచ్చేసరికి సాయంకాలం అయిపోద్ది. దార్లో ఆయన ఎక్కడ దిగిపోనా మనకి తెలవదు" అన్నాడు. ఆ పిల్ల అప్పటికే జీపు మాట్లాడింది. దార్లో లక్ష్మీపూర్ దగ్గరైనా బస్సుని పట్టుకోవాలని తొందర. మాతో ఉన్న ఇద్దరు లైన్‌మెన్లనీ తీసుకెళ్తానంది. వాళ్ళిద్దరూ వెళ్తే ఊళ్ళో వెతకడానికి ఒక్కడు కూడా మిగలడు.

నేను మాత్రం ఆ తెర ముందు నుంచి కదల్లేకపోయాను. బస్సు మీద అక్షరాలు అంత చక్కగా ఉన్నాయి. బస్సు పక్కన నిలబడ్డ కండక్టరు చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టొచ్చు. ఎక్కుతున్న మనిషి మాత్రం ఎర్రటి ముద్ద. తలేది, చెయ్యేది తెలియడం లేదు. కుదించేటప్పుడు కదలనిదాన్ని యాప్ పదిలంగా ఉంచుకుంటుంది, కదిలేదాన్ని ముద్ద చేసి పారేస్తుంది. జనం కిక్కిరిసి కదిలేచోట మరీనూ. పెద్దాయన ఈ తెర ముందే నిలబడి అన్న మాట అప్పుడు చెవిలో పడ్డట్టయింది.

"ఒక్క నిమిషం ఆగమ్మీ" అన్నాను.

"ఆగితే ఎలాగ బాబాయ్? బస్సు కొండ ఘాటీ ఎక్కీసిందంటే ఫోన్లు కూడా అందవు!"

"ఇది మీ నాన్న అవునో కాదో ఈ బొమ్మలో తెలీదు. రికార్డరులో అసలు బొమ్మ ఉంది. కేబుల్లో ఎలా వెళ్ళిందో అలాగే ఉంది."

మేనేజరు నా దారికి అడ్డంగా వచ్చేశాడు. ఆయన హిందీలో అన్నదంతా తెలుగులో చెబుతున్నాను. "సార్, దాన్ని ఆపితే రథం గుడి చేరే ఘట్టం రికార్డవదు. యాప్‌లో జనం చూసేది అదొక్కటే. ఆపిన క్షణంలో లైవ్ కూడా నల్లబడుతుంది. పైవాళ్ళు ఊరుకోరు. అయినా ఇది హెచ్‌డీ సార్, అదీ హెచ్‌డీయే. తేడా ఏముంటుంది?"

"తేడా ఉందో లేదో చూస్తేనే కదా తెలిసేది."

"తేడా లేకపోతే?"

తేడా లేకపోతే రథం ఘట్టమూ పోతుంది, ఆ పిల్ల బస్సు వెనక పడాల్సిన సమయమూ పోతుంది. ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఉంది. బయట జీపువాడు హారన్ కొడుతున్నాడు. నన్ను చూసే ఆ చూపులో ప్రేమేమీ లేదు. నీ టీవీ గొడవ తగలెయ్య అని అనలేదంతే.

"బాబాయ్, నాన్నకేటైనా అయితే..."

"నా మీద ఉంచు" అన్నాను. అలా అనడానికి నేనెవర్ని? కాని ఆ గదిలో ఎవరో ఒకరు అనాలి. రికార్డరు మీట నొక్కాను. మా తెరలన్నీ ఒక్కసారి నల్లబడి మళ్ళీ వెలిగాయి. లైవ్ తిరిగి వచ్చింది, రికార్డు ఆగిపోయింది.

వెనక్కి తిప్పాను. అదే బస్సు, అదే మెట్టు. ఈసారి ఎక్కుతున్న మనిషికి మొహముంది. నలభై దాటని మనిషి, ఒంటి మీద సాదా ఎర్ర దుప్పటి. అంచులో చేపా లేదు, పీతా లేదు.

"నాన్న కాదు" అంది ఆ పిల్ల. అంటూనే జీపువాడికి ఆగమని చెయ్యి ఊపింది. బస్సు మీద పెట్టుకున్న ఆశ కూడా పోయింది కదా మరి. జీపువాడు హారన్ ఆపేశాడు.

నేను ఇంకా వెనక్కి తిప్పాను, ముందుకి తిప్పాను. జనం మీద జనం. యాప్‌లో బురదలా కలిసిపోయిన చోటే ఇక్కడ ఒక్కొక్క తలా విడివిడిగా ఉంది. అందర్నీ వెతకాలంటే రోజంతా చాలదు. నేను మొహాలు చూడ్డం మానేసి ఆ అంచు కోసమే చూశాను. రథం వెనక, ఎదుటి వరస గోడల వారగా, తెల్లటి పీతల అంచు కదిలింది. ఆపకుండా మెల్లగా పోనిచ్చాను.

పెద్దాయనే. ఊళ్ళోవాళ్ళందరి మొహాలూ రథం వైపు ఉన్నాయి. ఆయనొక్కడే రథానికి వీపు పెట్టి నడుస్తున్నాడు. గొడుగు లేదు. తల పైకెత్తి ఆకాశంలోకి చూస్తున్నాడు. పక్కవాళ్ళు గుద్దుకుంటున్నా దించడం లేదు.

"పైకెందుకు సూస్తున్నాడు బాబాయ్? కళ్ళు తిరుగుతున్నాయేటి?"

ఆయన చూస్తున్నది ఆకాశం కాదు. ఆ వీధిలో ఆ వైపు మా కేబుల్ ఉంది. జయపురం రోడ్డులోకి తిరిగే స్తంభం దగ్గర ఒక్క క్షణం ఆగి, వైరు ఎటు తిరిగిందో చూసుకుని, తనూ అటే తిరిగాడు.

"కళ్ళు తిరగడం కాదమ్మీ. మీ నాన్న డ్యూటీలో ఉన్నాడు."

ఒక లైన్‌మన్ స్కూటరు తీశాడు. నేను వెనకెక్కాను, ఆ పిల్ల జీపులో మా వెనక వచ్చింది. వాన పెద్దదైంది. ప్రతి స్తంభం మొదల్లో చూసుకుంటూ పోతున్నాం, ఎక్కడైనా ఎర్ర శాలువా పడి ఉందేమోనని. ఒక కల్వర్టు దగ్గర కాలవలో ఎర్రగా ఏదో కనపడి స్కూటరు ఆపించాను. లైన్‌మన్ దిగి కర్రతో కదిపి చూశాడు. "సిమెంటు గోనె బాబూ, సిమెంటు గోనె" అని అరిచాడు. వెనక జీపులోంచి ఏడుపు వినపడింది.

"బాబూ, లైను ఎంతవరకుందీ? నాను ఈమజ్జిన కొత్త కనెక్సను ఇచ్చేను కదా, జయపురం ఘాటీ మొదల్లో టీ ఓటలుకి. అదే ఆకర్ది" అన్నాడు లైన్‌మన్.

పెద్దాయన పనిచేసిన రోజుల్లో లైను అక్కడిదాకా లేదు. ఆయన ఎరిగిన ఆఖరి ఇల్లు చాలా ముందే దాటి వచ్చేశాం. అక్కడ ఆయన లేడు. వైరు ఇంకా ముందుకి పోతోందని చూసి ఆయన కూడా ముందుకి పోయుంటాడా, లేక దారి తప్పి లోయ వైపు దిగిపోయాడా? ఆ కాస్త దూరమూ నేను పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు. ఇంటికి పోయి మా ఆవిడకి చెప్పుకోవడానికి కూడా మాటలు దొరకవనిపించింది.

ఓటలు కనపడింది. రేకుల పాక, పొగ, లోపల వెలుగుతున్న టీవీ. టీవీకి నాలుగడుగుల దూరంలో తడిసి ముద్దయిన శాలువాతో ఒక మనిషి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో సగం తిన్న బొడా ఉంది, ఇక్కడి గారె.

ఆ పిల్ల పరిగెత్తుకుపోయి కాళ్ళు పట్టుకుంది. ఓటలు నడిపే పెద్దావిడ, అందరికీ మౌసీ, ఒడియాలో గడగడా చెప్పుకొచ్చింది. ఆయన వచ్చేసరికి చేతులు వణుకుతున్నాయట, చెమటలు పోస్తున్నాయట. ఊరేది, పేరేది అంటే చెప్పడట. టీవీ చూడనిమ్మన్నాడట. భయమేసి చక్కెర దట్టించి టీ ఇచ్చి, బొడాలు పెట్టిందట. మనిషి తేరుకున్నాక తన టీవీలో రంగు ఎక్కువగా ఉందని తిట్టి, రిమోట్ లాక్కుని తనే తగ్గించాడట. నేను ఆవిడకి దణ్ణం పెట్టాను. పెద్దగా ఏమీ చేయలేదు కదా అన్నట్టు చెయ్యి ఊపి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

రథం ఘట్టం యాప్‌లో లేకుండా పోయిందని తర్వాత నాకు మెమో ఇచ్చారు. రిటైరవబోయే ఏడు మెమో అందుకున్న ఘనత మా ఆఫీసులో నా ఒక్కడిదే. మేనేజరు మాత్రం తన రిపోర్టులో నన్ను వెనకేసుకొచ్చాడు. ఆ తర్వాత ఎవరికైనా గోడ టీవీ చూపించేటప్పుడు హెచ్‌డీ అక్షరాల గురించి మాట్లాడటం తగ్గించాడు. ఇప్పటికీ ఆ యేటి రథయాత్ర యాప్‌లో తెరిస్తే రథం వీధి మధ్యలోనే ఆగిపోతుంది. పిల్లలూ, ఏ బొమ్మ మంచిదని నన్నడిగారు కదా. దేన్ని చూడాలో తెలిస్తే గానీ ఏది మంచిదో చెప్పలేం. నిలబడ్డ రథాన్ని చూసుకోవడానికి యాప్ చాలు. నడిచిపోతున్న మనిషి కావాలంటే మాత్రం దాన్ని నమ్మకండి.

ఓటల్లో ఇంకొక్కటి జరిగింది. అది మెమోలో లేదు.

నేను పెద్దాయన పక్కన బల్ల మీద కూర్చున్నాను. ఆయన నా వంక చూసి, ఎవరో బాటసారి అనుకుని కాస్త జరిగి చోటిచ్చాడు. కూతుర్ని కూడా పోల్చుకోలేదు. ఆ పిల్ల తన చీర కొంగుతో తల తుడుస్తుంటే నర్సనుకున్నాడో ఏమో, బుద్ధిగా వంచి ఊరుకున్నాడు. కళ్ళు మాత్రం టీవీ మీదే ఉన్నాయి. అందులో రథం గుడి ముందుకి చేరుతోంది. తాళ్ళు, చేతులు, వాన చినుకులు, అన్నీ కదులుతున్నాయి, అన్నీ కనపడుతున్నాయి.

"ఇందాక ఓసారి బొమ్మ నల్లబడింది" అన్నాడు నాతో, ఫిర్యాదు చేస్తున్నట్టు. "అక్కడ కుర్సీలో ఉన్నోడు ఏటో సేసేడు."

"అవునండి. ఏదో వెతుక్కున్నాడండి" అన్నాను.

"దొరికిందేటి?"

"దొరికిందండి."

తల ఊపాడు. బొడా ముక్క నోట్లో వేసుకుని నమిలి, టీ గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. లేచి శాలువా సర్దుకుని, పని పూర్తయిన మనిషిలా గుమ్మం వైపు నడిచాడు. అక్కడ ఆగి, ఆ తెలియని బాటసారికి ఒక పని అప్పజెప్పాడు.

"నువ్వు ఊళ్ళోకే కదా ఎల్తావు? ఆ కుర్సీలో ఉన్నోడికి సెప్పు. ఆకరింట్లో సూసేనని సెప్పు. బొమ్మ బాగుందని సెప్పు."